గుండు చిన్నది, గాలి పెద్దది

మన పల్లెల్లో రాత్రివేళ పామును పాము అనరు. 'పురుగు' అంటారు. 'ఫలానావాణ్ని పురుగు ముట్టింది' అంటే చాలు, వినేవారికి సంగతి బోధపడి లాంతరు పుచ్చుకుని పరుగెత్తుతారు. అమెరికా పశ్చిమ మైదానాల పల్లెజనం నోట కూడా దాదాపు ఇటువంటి మాటే ఒకటున్నది. అది 'వార్మింట్'. ఇంగ్లీషులో 'వర్మిన్' అనే మాటకు అది నాటురూపం. దాని పుట్టుక చూడబోతే లాటిన్ భాషలో పురుగు అని అర్థమిచ్చే 'వెర్మిస్' దగ్గర తేలుతుంది. మనవాళ్లు భయంచేత పామును పురుగన్నారు. వాళ్లు కోపంచేత గడ్డి కొరికే ఉడుతజాతి మొదలు దూడలమీద పడే కొయోటీ నక్కవరకూ అన్నిటినీ పురుగుల పద్దులో వేశారు. పేరు పెట్టడంలోనే సగం తీర్పు అయిపోయింది. పురుగని పిలిచాక, ఎందుకు చంపావని ఎవరూ సంజాయిషీ అడగరు గదా!

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలు ఇప్పుడు తవ్వవలసిన అవసరం మా మేనల్లుడివల్ల కలిగింది. అతడు ఇరవై ఏళ్లుగా డెన్వర్ నగరంలో కాపురముంటున్నాడు. కిందటి వేసవిలో తనతో పనిచేసే స్నేహితుడి వెంట వయోమింగ్ రాష్ట్రంలో ఆ స్నేహితుడి తండ్రిగారి పశువుల క్షేత్రానికి వెళ్లాడట. అక్కడ వాళ్లు ప్రెయిరీ కుక్కలను దూరంనుంచి తుపాకితో కొడుతూ ఉంటే ఇతనికీ ఒక తుపాకి ఇచ్చారు. ఒకటి రెండు గురికి తగిలాయి. మూడోది తగిలీ తగలకుండా తగిలింది.

"మామయ్యా, అది చావలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ కన్నంలోకి పోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకాస్త పెద్ద తుపాకి అయితే ఇలా జరిగేది కాదు కాబోలు. ఏ క్యాలిబర్ కొనమంటారు?" అని ఫోనులో అడిగాడు.

"పద్యానికి అన్వయం అడిగితే చెబుతాను గాని, తుపాకుల సంగతి నాకేం తెలుసురా?" అన్నాను.

"తెలియకపోతే చదివి చెబుతారని తెలుసు" అన్నాడు. వాడికి నా బలహీనత బాగా తెలుసు. నెల రోజులపాటు ఆ పుస్తకాలే చదివాను. వాడి ప్రశ్న పైకి కనిపించినంత తేలికైనది కాదని తేలింది. చంపడమే ఎందుకు అని అడిగే పాఠకులూ ఉంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి చివర వస్తాను.

ఊళ్లు కట్టుకునే ఉడుత

ప్రెయిరీ కుక్క పేరుకే కుక్క. నిజానికి ఉడుత బంధువు. బరువు ఇంచుమించు ఒక కిలో. నేలలో కన్నాలు తవ్వుకుని వందలూ వేలుగా ఒకచోట కాపురముంటుంది. ఆ కన్నాల సముదాయాన్ని అక్కడివారు 'ఊరు' అనే పిలుస్తారు. గద్ద నీడ పడగానే కాపలా ఉన్నది మొరిగినట్లు అరుస్తుంది. ఊరంతా క్షణంలో భూగర్భంలోకి పోతుంది. ఆ అరుపువల్లనే దానికి కుక్క అనే పేరు వచ్చింది.

పశువుల క్షేత్రం యజమానికి దీనిమీద రెండు ఫిర్యాదులు. పశువు తినవలసిన గడ్డి తింటుందనేది ఒకటి. కన్నంలో కాలు పడి గుర్రమో ఆవో కాలు విరగగొట్టుకుంటుందనేది రెండోది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్ట్ మెరియమ్ అనే ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు 256 ప్రెయిరీ కుక్కలు కలిసి ఒక ఆవు తినేటంత మేత తింటాయని లెక్క కట్టాడు. గడ్డిభూముల నష్టాన్ని ఆయన మరీ హెచ్చుగా వేశాడని తర్వాతివారు తేల్చారు. కాని ఆ లెక్కలు పట్టుకుని కోట్ల జీవాలకు విషం పెట్టారు.

నిలబడినప్పుడు దీని ఒళ్లు వెడల్పు నాలుగంగుళాలకు మించదు. మనిషి దగ్గరకు వస్తే కన్నంలోకి దూకుతుంది. అందుచేత వేటగాడు రెండు వందల గజాలో, నాలుగు వందల గజాలో దూరంగా బల్ల వేసుకుని, తుపాకికి దూరదర్శిని బిగించుకుని కూర్చుంటాడు. నాలుగంగుళాల గురి, నాలుగు వందల గజాల దూరం: క్యాలిబర్ సమస్య అంతా ఈ రెంటి మధ్యనే ఉన్నది.

గురిగింజల లెక్క

క్యాలిబర్ అంటే తుపాకి గొట్టపు బోలు వెడల్పు. అమెరికావారు దాన్ని అంగుళంలో దశాంశాలుగా చెబుతారు. .22 అంటే అంగుళంలో నూటికి ఇరవైరెండు పాళ్లు. కాని పేరులోని అంకెను మరీ నమ్మకూడదు. .222, .223, .22-250, .220 స్విఫ్ట్ అనే నాలుగింటికీ గుండు మందం ఒకటే, .224 అంగుళం. ఆ అంకెలు కొలతలకంటే ఇంటిపేర్లకే దగ్గర. అసలు తేడా గుండు వెనక ఉండే ఇత్తడి గుల్లలో, అందులో పట్టే మందులో ఉన్నది. పెద్ద గుల్లలో మందు ఎక్కువ. మందు ఎక్కువైతే వేగం ఎక్కువ.

గుండు బరువును గ్రెయిన్లలో తూస్తారు. ఇది మనకు కొత్త కాదు. పాత తులం 180 గ్రెయిన్లు. తులానికి 96 రతులు. రతి అంటే మన గురిగింజే. .223లో వాడే మామూలు గుండు 55 గ్రెయిన్లు, అంటే ఇరవైతొమ్మిది గురిగింజల ఎత్తు. తులంలో మూడో వంతు కూడా లేని ఈ చిన్న ముక్క సెకండుకు 3,240 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. ధ్వని వేగానికి అది దాదాపు మూడు రెట్లు.

వీటిలో పెద్దలూ పిన్నలూ ఉన్నారు. 1930 ప్రాంతంలో వచ్చిన .22 హార్నెట్ రెండు వందల గజాలలోపు పనికి సరిపోయేది. 1935లో వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ తెచ్చి, 48 గ్రెయిన్ల గుండును సెకండుకు 4,110 అడుగుల వేగంతో వదిలి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. 1950లో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన .222 అంత వేగం లేకపోయినా గురిలో నిలకడకు పేరుపడింది. సైన్యంకోసం తయారైన తూటాకు పౌరరూపంగా 1964లో .223 వచ్చింది. .250 సావేజ్ అనే తూటా గుల్లకు మెడ నొక్కి ఇళ్లలో చేసుకున్న .22-250ని ముప్పై ఏళ్ల తర్వాత, 1965లో, రెమింగ్టన్ తన జాబితాలో చేర్చుకున్నది. 2004లో వచ్చిన .204 రూగర్ వీరందరిలో సన్ననిది, 32 గ్రెయిన్ల గుండుతో 4,200 అడుగుల వేగం దాటింది.

మామిడికాయా గుండూ

గుండు తిన్నగా పోతుందని మనం అనుకుంటాం. పోదు. గొట్టం దాటిన క్షణంనుంచీ అది నేలకు పడుతూనే ఉంటుంది. తొడిమ ఊడిన మామిడికాయ అర సెకండులో నాలుగడుగులు రాలుతుంది. గుండూ దాదాపు అంతే. .223 గుండుకు నాలుగు వందల గజాలు దాటడానికి అర సెకండు పడుతుంది. అందుకని గొట్టాన్ని రవ్వంత పైకెత్తి బిగిస్తారు. రెండు వందల గజాల దగ్గర గురికి సరిగా తగిలేటట్లు సరిచూసుకుంటే, మూడు వందల గజాల దగ్గర .223 గుండు సుమారు ఏడంగుళాలు కిందికి, నాలుగు వందల దగ్గర ఇరవైఒక్క అంగుళాలు కిందికి పోతుంది. .22-250 వేగం ఎక్కువ కనుక నాలుగు వందల దగ్గర పదహారు అంగుళాలే పడుతుంది.

పూర్వం ఇది పెద్ద చిక్కు. దూరాన్ని కంటితో అంచనా కట్టవలసి వచ్చేది. ఇప్పుడు లేజరు కిరణంతో దూరం కొలిచే పరికరాలు వచ్చాయి. దూరం తెలిస్తే పతనం తెలిసినట్లే. పట్టిక చూసుకుని దూరదర్శిని మీద మర తిప్పుకుంటే సరి. భూమ్యాకర్షణ నిక్కచ్చి అయిన వ్యాపారి. నిన్న తీసుకున్న ధరే ఇవాళా తీసుకుంటుంది.

గాలి అలాటిది కాదు. గంటకు పది మైళ్ల గాలి అంటే గొప్ప గాలి కాదు. చెట్టు ఆకులూ చిన్న రెమ్మలూ నిలకడ లేకుండా ఊగుతాయి, అంతే. ఆ గాలి పక్కనుంచి వీస్తే నాలుగు వందల గజాల దగ్గర .223 గుండు సుమారు ఇరవై అంగుళాలు పక్కకు తొలగుతుంది. అంటే ప్రెయిరీ కుక్క ఒళ్లు వెడల్పుకు అయిదు రెట్లు! .22-250 అయితే పదిహేడు అంగుళాలు. బరువైన, పొడుగాటి 87 గ్రెయిన్ల గుండు వాడే .243 వించెస్టర్ అయితే పన్నెండున్నర. గాలిని చీల్చుకుపోవడానికి వేగమొక్కటే చాలదు. పొడుగూ బరువూ కూడా కావాలి.

పోనీ ఇదీ పట్టికలో ఉన్నదే గదా అనవచ్చు. పట్టికలో లేనిదేమంటే, గాలి ఎంత వీస్తున్నదో! నాలుగు వందల గజాల మైదానంలో ఇక్కడొక తీరుగా, మధ్యలో ఒక తీరుగా, అక్కడొక తీరుగా ఉంటుంది. మనిషి దానిని అంచనా కట్టవలసిందే.

మేనల్లుడి గుండు ఎక్కడ తప్పింది?

వాడు చెప్పిన వివరాలతో నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. తుపాకి .223. దూరం దాదాపు నాలుగు వందల గజాలు. గాలి ఏడు మైళ్లనుకుని గురి జరిపాడు. పది ఉండి ఉండవచ్చునని పక్కనున్నవాళ్లు తర్వాత అన్నారట. మూడు మైళ్ల పొరపాటుకు .223 గుండు ఆరంగుళాలు తప్పుతుంది. అది కేవలం వృథా కాక వెనక కాళ్లకు తగిలిందంటే, ఆ జంతువు అడ్డంగా నిలబడి ఉండాలి.

పెద్ద తుపాకి కొంటే? .22-250 అయితే అదే పొరపాటుకు అయిదంగుళాలు. .243 అయితే నాలుగంగుళాలకు కాస్త తక్కువ. ప్రాణస్థానం రెండంగుళాల మాట. కనుక ఏ తుపాకి అయినా ఆ గుండు తప్పవలసిందే.

ఇప్పుడు ఇంకొక లెక్క. తుపాకి మార్చకుండా దూరం సగం చేస్తే? రెండు వందల గజాల దగ్గర అదే .223 గుండు పది మైళ్ల గాలికి తొలగేది నాలుగున్నర అంగుళాలు మాత్రమే. మూడు మైళ్ల పొరపాటుకు ఒకటింబావు, ఒకటిన్నర అంగుళం. గురి తగులుతుంది, ప్రాణం చటుక్కున పోతుంది. వేల రూపాయలు పోసి తుపాకి మార్చితే ఆరంగుళాల తప్పు నాలుగైంది. రెండు వందల గజాలు నడిస్తే ఒకటిన్నర అయింది. నెల రోజుల చదువులో నాకు దొరికిన సారం ఇంతే.

బలం చాలకపోవడం ఇందులో ఎక్కడా లేదు. నాలుగు వందల గజాల దగ్గర కూడా .223 గుండుకు సెకండుకు 1,800 అడుగుల పైచిలుకు వేగం మిగిలే ఉంటుంది. కిలో బరువు ప్రాణికి అది కావలసినదానికంటే ఎక్కువ.

పెద్దదానికి పెద్ద ఖర్చు

అయినా .243 తొలుగుడు తక్కువే గదా, అదే ఎందుకు కాకూడదు? దానికీ సమాధానం ఉన్నది. ప్రెయిరీ కుక్కల ఊరి దగ్గర కూర్చున్నవాడు రోజుకు వందలకొద్దీ తూటాలు కాలుస్తాడు. మందు ఎక్కువైనకొద్దీ గొట్టం కాగుతుంది. లోపలి ఉక్కు తరిగిపోతుంది. .223 గొట్టం అయిదు వేల తూటాలకు అటూ ఇటూ నిలిస్తే, .22-250, .243, స్విఫ్ట్ వంటివి రెండు వేల ప్రాంతంలోనే గురి చెడతాయని అనుభవజ్ఞులు చెబుతారు. తూటా ధర సరేసరి.

పైగా పెద్ద తుపాకి గట్టిగా తన్నుతుంది. తన్నినప్పుడు దూరదర్శిని కదిలి, గుండు ఎక్కడ పడిందో కాల్చినవాడి కంటికి కనబడదు. ఎటు తప్పిందో తెలియనివాడు రెండోసారి ఎలా సరిదిద్దుకుంటాడు? తన తప్పు తనకు కనబడేటట్లు చేసే పనిముట్టే మంచి పనిముట్టు.

క్యాలిబర్ ఒక్కటే చూసుకుంటే చాలదని చెప్పే కథ ఒకటున్నది. 1955లో రెండు కంపెనీలు ఒకే మందం గుండుకు రెండు తూటాలు తెచ్చాయి. వించెస్టర్‌ది .243, రెమింగ్టన్‌ది .244. రెమింగ్టన్ గుల్ల కాస్త పెద్దది కూడా. కాని గొట్టం లోపల గుండును బొంగరంలా తిప్పే మెలిక గాళ్లు ఉంటాయి. వించెస్టర్ గొట్టంలో అవి పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, రెమింగ్టన్ గొట్టంలో పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. పురుగుల వేటకు తేలిక గుండే చాలునని రెమింగ్టన్‌వారి ఊహ. కొనేవారు మాత్రం పురుగునూ దుప్పినీ ఒకే తుపాకితో కొట్టాలనుకున్నారు. దుప్పికి కావలసిన 100 గ్రెయిన్ల పొడుగు గుండుకు వించెస్టర్ గొట్టమే నమ్మకమైనదని పేరు వచ్చింది. రెమింగ్టన్‌వారు 1963లో మెలికను తొమ్మిది అంగుళాలకు బిగించి, పేరు కూడా మార్చి '6 మి.మీ. రెమింగ్టన్' అన్నారు. అప్పటికే బజారు .243 పక్షం చేరిపోయింది.

దశరథుడి బాణం

దూరపు వేటలో ఇంకొక ప్రశ్న ఉన్నది: గురి వెనక ఏమున్నది? చిన్న .22 రిమ్‌ఫైర్ తూటా పెట్టె మీద కూడా మైలుకు పైగా ప్రమాదమని హెచ్చరిక అచ్చువేసేవారు. మైదానంలో ఆవులుంటాయి, దూరంగా ఇల్లుంటుంది. అందుకే పురుగుల వేట గుండుకు పైతొడుగు పలచగా చేస్తారు. అది మట్టికి తగలగానే పొడిపొడి అవుతుంది. గట్టి తొడుగు ఉన్న సైన్యపు గుండు రాతికి తగిలి ఎటో ఎగిరిపోతుంది. తేలికైన, వేగమైన చిన్న గుండును ఈ వేటకు ఎన్నుకోవడంలో ఈ భద్రత కూడా ఒక కారణం.

మా మేనల్లుడి చేతికి తుపాకి ఇచ్చేముందు ఆ ఇంటి పెద్దాయన "గురి ఎక్కడ?" అని అడగలేదట. "దాని వెనక ఏం కనబడుతోంది?" అని అడిగాడట. మనకు దశరథ మహారాజు కథ తెలుసు. చీకట్లో కడవ ముంచిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. ఆయన గురి తప్పలేదు; తగలడమే అనర్థమైంది. చూడకుండా కొట్టడం విద్య అనుకున్నాడు, పుత్రశోకంతో దాని ధర చెల్లించాడు.

గుండు పని దెబ్బతోనే ముగిసిపోదు. పొడి అయిన సీసం చచ్చిన జంతువులో ఉండిపోతుంది. దాన్ని తిన్న గద్దలకూ డేగలకూ ఆ సీసం విషమవుతుంది. అందుకనే కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుంచి అన్ని రకాల వేటలోనూ సీసపు గుండ్లను నిషేధించింది. రాగి గుండు వాడవచ్చు. రాగి సీసంకంటే తేలిక కనుక అదే బరువుకు గుండు పొడుగవుతుంది. పొడుగైతే మెలిక బిగుతుగా ఉన్న గొట్టం కావాలి. తుపాకి కొనేముందు ఇదీ చూసుకోవాలి.

ఇంతకూ అది పురుగేనా?

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్న. ప్రెయిరీ కుక్కలను తిని బతికే నల్లకాళ్ల ఫెర్రెట్ అనే ముంగిసవంటి జంతువు ఒకటున్నది. విషంవల్లా, ప్లేగువల్లా, బీడు దున్నేయడంవల్లా ప్రెయిరీ కుక్కల ఊళ్లు తరిగిపోతే, దాని తిండి పోయింది. అది అంతరించిందనే అనుకున్నారు. 1981లో ఇదే వయోమింగ్ రాష్ట్రంలో మీటీట్సీ అనే ఊరి దగ్గర షెప్ అనే పెంపుడు కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని వాకిట్లో తెచ్చి పడేసింది. వెతికితే కొన్ని బతికి ఉన్నాయని తెలిసింది. అవీ రోగాలపాలై, 1987 నాటికి పట్టి కాపాడిన పద్దెనిమిది మాత్రమే మిగిలాయి. ఆ పద్దెనిమిదింటినుంచే వంశం మళ్లీ నిలబెట్టారు. 1988లో భద్రపరిచిన జీవకణాలనుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే ఫెర్రెట్‌ను కూడా పుట్టించారు. ఒకడి లెక్కలో పురుగు ఇంకొక ప్రాణికి అన్నం!

మన దేశంలో ఈ తీర్పు మనిషి చేతిలో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదపు వేటను మాన్పించింది. ఆ చట్టం అయిదో షెడ్యూలులో కాకి, ఎలుక, పళ్లు తినే గబ్బిలం వంటివి హానికర జంతువులుగా ఉండేవి. 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసివేశారు. మన వేరుశనగ చేలల్లో, మొక్కజొన్న చేలల్లో అడవిపందులు చేసే నష్టం తక్కువేమీ కాదు. రైతు కడుపుమంట నిజమైనదే. అయినా అధికారుల అనుమతి లేకుండా కాల్చడానికి వీలులేదు. దొంగచాటుగా కరెంటు తీగ కట్టినచోట పందితోపాటు పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి కూడా పోయిన సంగతులు మనం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అక్కడా తప్పు దశరథుడిదే: ఎదురుగా ఏమున్నదో చూడకుండా చంపే ఏర్పాటు చేయడం.

ఇదంతా చెప్పి మేనల్లుడికి నా సలహా ఇచ్చాను. కొనాలనే ఉంటే .223 కొను, ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం తీసుకో, వీలైతే రాగి గుండు వాడు. గాలి లేని ఉదయం వెళ్లు. రెండు వందల గజాలు దాటితే మీట ముట్టుకోకు. మూడు నెలలు కాగితం మీద కొట్టి, ఏ దూరంలో పదికి పది తగులుతాయో చూసుకో; ఆ దూరమే నీ క్యాలిబర్.

కొంతసేపు ఫోనులో మాట వినబడలేదు. తర్వాత, "దూరదర్శిని మాత్రం కొన్నాను మామయ్యా" అన్నాడు. "పోయిన ఆదివారం వెళ్లి ఊరికే చూస్తూ కూర్చున్నాను. అవి ఒకదానికొకటి ఎదురుపడితే ముఖం ముఖం ఆనించుకుని పలకరించుకుంటాయి. మీకు తెలుసా?"

నెల రోజులు చదివిన పుస్తకాల్లో ఆ సంగతి ఎక్కడో ఉండే ఉంటుంది. గురిగింజల లెక్కలో పడి నేనే గమనించలేదు.